హరిలాల్ ఉత్తచేతుల నడక

మా ఆయన హరిలాల్ గురించి చెప్పాల్నంటే ముందుగాల నాకు కోపమే వస్తది. మణుగూరు బొగ్గుబాయిల ఫిట్టరు. సూపర్‌వైజర్ చెప్తే వింటడు, యూనియనోళ్లు చెప్తే వింటడు, పెండ్లాం మాట మాత్రం చెవిన బెట్టడు. తొంభై అయిదుల గుండెనొప్పి వస్తే హైదరాబాదు దవాఖానాల బెలూన్ వేసి మూసుకున్న నరం తెరిచిన్రు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు సారు నా ముందల్నే చెప్పిండు: "రోజూ పొద్దున్నే నడువు హరిలాల్. మెల్లగ ఎత్తు గూడ ఎక్కు. బరువు మాత్రం ముట్టకు." అవ్ సార్, అవ్ సార్ అనుకుంట గంగిరెద్దు లెక్క తలూపిండు.

రోడ్డు మీద బొగ్గు లారీల దుమ్ము. అందుకని మా తండా ఎనక అడవి బాట పట్టి, వాగు దాటి, గుట్ట సగం దాకా పోయి వస్తనన్నడు. మంచిదే అనుకున్న. మొదటిరోజు చేతిల ఒక ఎండుకట్టె. ఏందంటే చేతికర్ర అన్నడు. తెల్లారి తువ్వాల కొంగుల తునికిపండ్లు. ఇంకోనాడు అంగీ భుజానికి చెట్టు బెరడు పొట్టు అంటుకొని ఉన్నది. అనుమానమొచ్చి దొడ్డి ఎనకకు పోయి చూస్తే కట్టెలమోపు! నా కడుపు మండిపోయింది.

"నీకేమన్న బుద్ధున్నదా? సారు నడవమన్నడా, కట్టెలు కొట్టమన్నడా?"

"కొట్టలేదే, ఏరుకొచ్చిన. అడవికి పోయి ఉత్తచేతులతోటి ఎవడన్న వస్తడా జమ్లీ? మా నాయన రాలే, మా తాత రాలే. చూసినోళ్లు పనిలేక తిరుగుతున్నడనరా?"

ఇగో, గిదీ ఆయన రోగం. నిజం చెప్పాల్నంటే మా తండా మొత్తానికి ఉన్న రోగమే. అడవిలకెల్లి వచ్చేటోడు కట్టెనో, ఆకునో, ఇప్పపువ్వునో ఏదో ఒకటి తేవాలె. వట్టిగ నడుసుడంటే ఏందో మాకు తెల్వదు. తిట్టిన. అన్నం పెట్టనన్న. నా మీద ఒట్టు పెట్టిచ్చిన. ఒట్టు పెట్టిన తెల్లారి మోపు కొంచెం చిన్నగ కట్టుకొచ్చిండు మారాజు!

ఒకనాడు ఉత్తచేతులతోటి వచ్చిండు. నా నోరు ఊకుంటదా? "ఇయ్యాల పొద్దు పడమట పొడిచిందా ఏంది?" అన్న. కాళ్లు గూడ కడుక్కోకుండ మంచమెక్కిండు. చాయ్ వద్దన్నడు. "ఏం దొరకలే" అన్నడు, గోడ దిక్కు తిరిగి.

ఎండకాలం అడవిల ఎండుకట్టె దొరకకపోవుడేంది? బాట పట్టి ఉరికిన. వాగు కాడ మోపు పడి ఉన్నది, కట్టిన తాడు కట్టినట్టే. దాని మీద, భుజానికి మడతపెట్టుకునే ఆయన తువ్వాల. నిద్రల గూడ ఆ తువ్వాల ఇడిచిపెట్టే మనిషి గాదు. అక్కడ్నే కూలబడి, ఆయన్ని తిట్టుకుంటనే ఏడ్చిన.

ఇంటికొచ్చి చూస్తే అదే గుండెనొప్పి. పక్కింటి తుల్సీరాం జీపు మాట్లాడుకొస్తే మల్ల దవాఖానాకు ఏసుకపోయినం. పానం దక్కింది. డాక్టరు సారు ఈసారి ఆయన్ని గాదు, నన్ను తిట్టిండు: "ఏమమ్మా, చూసుకుంట ఊరుకున్నవా?" నేను ఊరుకున్ననంట! ఎవరికి చెప్పుకోవాలె?

ఇగ అప్పటిసంది నేను గూడ ఎంట పోతున్న. ఆయన ముందల, నేను ఎనక. మరి నేను మాత్రం ఉత్తచేతులతోటి ఎట్లొస్త? కట్టెలు ఏరి మోపుగట్టి నెత్తిన పెట్టుకున్న. తండా దగ్గర పడంగనే ఆయన ఆగిండు. "గీడ్నించి నాకియ్యే. జర ఇంటిదాకనే" అని చెయ్యి చాపిండు.

"ముట్టినవో, నేను గిట్లనే మా అవ్వగారింటికి పోత."

చెయ్యి దించిండు. ఇండ్ల నడిమికి రాంగనే తుల్సీరాం అరుగు మీదికెల్లి నవ్విండు. "ఏం హరిలాల్, దొరవైనవా? పెండ్లాం మోస్తుంటే చేతులూపుకుంట వస్తున్నవ్!"

మా ఆయన మెడ ఎర్రబడ్డది. గుట్ట ఎక్కేటప్పుడు గూడ అంత చెమట పట్టలే. ఎనకకు చూడబోయిండు. "నడువు" అన్న. తల దించుకొని, ఖాళీ చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక, ఇంటిదాక నడిచిండు.

నవ్వేటోళ్లు నవ్వనీ. కట్టెలు నేను గూడ తేగలుగుత. నాకు ముందల నడిచే మనిషి గావాలె.