వేన్నీళ్ళ ఊరిలో మా ఫోర్మనన్న

మా ఫోర్మనన్న పోయినాడు. మొన్న బేస్తవారం పొద్దన నేను ఫస్టు షిఫ్టుకు పోతా ఉంటే ఆయన తమ్ముడు ఫోన్ చేసి చెప్పినాడు. నిద్దట్లోనే గుండె ఆగిపోయిందంట. కంపెనీ బస్సు దిగేసి, హోసూరు నుంచి అట్నే ఆయన ఊరు ఉద్దనపల్లికి పోయినాను.

పోయినోళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయల్ల. రాస్తాను. అయితే ముందు నా కడుపులో మండేది బయట పెట్టేయల్ల. శవానికి స్నానం చేయించేటప్పుడు ఆయన అన్నదమ్ముల పిల్లకాయలు చేతులకు గ్లౌజులు వేసుకున్నారు. ఆస్పత్రి గ్లౌజులు. మందులంగడిలో కొని తెచ్చుకున్నారు, అంత ముందు జాగర్త! ఒకడైతే ముక్కుకు కర్చీఫు కూడా కట్టినాడు. థూ! నాకు శవం మీద రోత పుట్టలేదు, వాళ్ళ మీద పుట్టింది.

"తీయండ్రా వాటిని," అని అరిచినాను.

"అంటుకుంటే ఎవురు మామా చూసేది?" అన్నాడు కర్చీఫోడు.

అంటుకునేది కాదు. హోసూరు డాక్టరు చెప్పినాడు, బెంగుళూరు డాక్టరు చెప్పినాడు. సోరియాసిస్. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, వీపంతా ఎర్రగా మచ్చలు, వాటి మీద తెల్లగా పొట్టు లేచేది. మా నాయనకూ అదే ఉండె. ఆయన వీపుకు నూనె రాసింది నేనే, నాకు ఏమైంది? ఏమీ కాలేదు. నాకు మామూలుగా రోత జాస్తి, ఒకరు తాగిన లోటాలో నీళ్ళు తాగను. అట్లాంటి నేనే కంపెనీలో చేరిన మొదటి రోజు నుంచి అన్న పక్కన కూర్చునే తిన్నాను.

మిగతావాళ్ళు తినలేదు. క్యాంటీన్‌లో ఆయన కూర్చున్న బెంచీ ఎప్పుడూ ఖాళీనే. ఆయన కింద పని చేసేవాళ్ళే, ఆయన సంతకం పెడితే లీవు దొరికేవాళ్ళే, ప్లేటు ఎత్తుకుని అవతలికి పోతా ఉండిరి. అన్నకు మండే ఎండల్లో కూడా ఫుల్ చేతుల చొక్కా. లేచేటప్పుడు కూర్చున్న తావును కర్చీఫుతో తుడిచి, ఒరిగి చూసి, మళ్ళీ ఒకసారి తుడిచి పోయేవాడు. కొత్తవాళ్ళు చెయ్యి చాపితే రెండు చేతులూ జోడించి దండం పెట్టేవాడు. అందరూ చానా మర్యాదస్తుడు అనుకునేది. మర్యాద కాదది, వాళ్ళు చెయ్యి వెనక్కి లాక్కునేది చూడలేక.

నేను కోపం చేసుకుంటే, "ఉండనీలేప్పా, వాళ్ళ కండ్లకు రోతగా ఉంటే నేనేం చెయ్యల్ల?" అనేవాడు. ఆ 'ఉండనీలేప్పా' వినీ వినీ నాకు ఒళ్ళు మండేది.

తొంభైల చివర్లో మా ఫ్యాక్టరీకి జపాను నుంచి కొత్త ప్రెస్సు మిషన్లు వచ్చినాయి. వాటి పని నేర్చుకునేదానికి మా ఇద్దరినీ వాళ్ళ ఫ్యాక్టరీకి పంపించినారు. పని బాగుండె, మనుషులు బాగుండిరి, తిండి మాత్రం సచ్చిపోయే మాదిరి. పచ్చి చేప ముక్కలు ముందు పెట్టి ఎదురుగా కూర్చుని నవ్వుతారు. మింగితే లోపలికి పోదు, ఉమిస్తే బాగుండదు. నేను చానా సార్లు దగ్గినట్టు చేసి జేబులో వేసుకున్నాను.

అట్లా ఉండగా ఒక శనివారం, మాకు పని నేర్పించే ఇంజినీరు కార్లో ఎక్కించుకుని కొండల్లోకి తీసుకుపోయినాడు. అది వేన్నీళ్ళ ఊరు. భూమిలో నుంచి సలసలా కాగే నీళ్ళు ఊరతాయంట, ఆ నీళ్ళల్లో మునిగేదానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారంట. చుట్టూ మంచు, చెక్క ఇండ్లు, మోరీ కాలవల్లో నుంచి కూడా పొగలు. చూసేదానికి బాగుండె, కాదనను. కారు తలుపు తెరిచినాక తెలిసింది కథ. గబ్బు! కుళ్ళిన కోడిగుడ్లు గంపలకొద్దీ పగలగొట్టి ఎండబెట్టిన మాదిరి గబ్బు. గంధకం నీళ్ళంట. ఆ నీళ్ళల్లోనే గుడ్లు ఉడకబెట్టి, పెంకు నల్లగా అయినాక తింటా ఉండిరి. నేను శాలువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

అన్న మాత్రం ఆ గాలి గుండెనిండా పీల్చినాడు. దారిలో ఇంజినీరు చెప్పింది ఆయన మనసులో పడిపోయింది: ఈ నీళ్ళు తోలు జబ్బులకు మంచివి.

సత్రంలో దిగినాక అసలు సంగతి తెలిసింది. అందరికీ ఒకటే తొట్టి. పెద్ద చెక్క తొట్టి, పాలు కలిపినట్టుండే తెల్ల నీళ్ళు, అందులో ముసలోళ్ళు నలుగురైదుగురు, నెత్తిన మడతపెట్టిన తువ్వాలు తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు! ఛీ ఛీ! పదిమంది మునిగిన నీళ్ళల్లో, ఆ గబ్బులో, దిస్సమొలతో నేను దిగాలంట. చచ్చినా దిగనని గోడకు ఆనుకుని నిలబడినాను.

అన్న బట్టలు విప్పే గదిలో చొక్కా గుండీ పట్టుకుని అట్నే కూర్చుండిపోయినాడు.

"చిన్నప్పుడు మా ఊరి బావిలో ఈత కొట్టిందే కడసారప్పా," అన్నాడు. "మచ్చలు వచ్చినాక పిల్లోళ్ళు రానీలేదు. మళ్ళీ మనుషులతో కలిసి నీళ్ళల్లో దిగిందే లేదు. నేను దిగితే వీళ్ళు లేచిపోతారేమో?"

"పోనీలే అన్నా, మనం డబ్బిచ్చినాము కదా," అన్నాను.

"అది కాదప్పా. లేచిపోతే ఈ తూరి నేను తట్టుకోలేను."

దిగే ముందు ఒళ్ళు శుభ్రం చేసుకోవాలని ఇంజినీరు చెప్పి పోయిండె. మనకు తెలిసిన శుభ్రం ఏముంది? శనివారం మొగోళ్ళు నూనె పెట్టుకుని తలకు పోసుకునేదే కదా! పైగా వేన్నీళ్ళు. నూనె లేకుండా వేన్నీళ్ళు పోసుకుంటే కండ్లు మండతాయని మా అమ్మలు నేర్పించిందే మాకు తెలుసు. అన్న ఊరి నుంచి మంచినూనె సీసా, సీకాయ పొడి తెచ్చుకుని ఉండె. తల నుంచి పాదాల దాకా నూనె కారేటట్టు పట్టించినాడు. వీపుకు నేనే రాసినాను. సీకాయ పొడి గుప్పిట్లో పట్టుకుని, పోయి తొట్టిలో దిగినాడు.

ముసలోళ్ళు తల వంచి పలకరించినారు. అన్న కూడా వంచినాడు. గొంతు దాకా మునిగి, సీకాయ పొడి తలకు రుద్దుకోబట్టినాడు. ఇంక చూడల్ల ఆ నీళ్ళను! పైన నూనె వలయాలు వలయాలుగా పరుచుకునింది. కింద సీకాయ బురద. తెల్లగా ఉండిన నీళ్ళు పేడనీళ్ళ మాదిరి అయినాయి. ఒక ముసలాయన నీళ్ళ వైపు చూసి, చెయ్యి ఎత్తి వాసన చూసి, గబుక్కున లేచినాడు. ఆయన వెనకే ఇంకొకాయన. చూస్తా ఉండగానే తొట్టి ఖాళీ.

అన్న నడుమ ఒక్కడే మిగిలినాడు. గడ్డం మీద నుంచి సీకాయ కారతా ఉంది, తుడుచుకోలేదు.

"ఈడా అంతేనప్పా," అన్నాడు. "పోదాం పా."

నాకు తల తిరిగిపోయింది. పరుగెత్తి పోయి ఇంజినీరును పట్టుకున్నాను. "ఏమి సార్, తోలు జబ్బుకు మంచి నీళ్ళని పిలుచుకొచ్చి, మనిషిని చూస్తానే లేచిపోతారా? మా ఊరోళ్ళే మేలు!" అని వచ్చిన ఇంగ్లీషులో వాయించినాను. ఆయన కంగారుగా వచ్చి తొట్టిలోకి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ముసలోళ్ళను ఏదో అడిగినాడు. వాళ్ళందరూ ఒక్కసారిగా నీళ్ళ వైపు చూపించి మూతులు వంకర పెట్టినారు. నేను పచ్చి చేపకు పెట్టిన మొగమే!

"నూనె," అన్నాడు ఇంజినీరు. "నీళ్ళల్లో నూనె పోసినాడని వాళ్ళకు అసహ్యం. సబ్బుతో ఒళ్ళు కడుక్కుని, సబ్బు పోగొట్టుకుని దిగల్ల. తోలుకు కాదు. చూడండి."

మొదట లేచిపోయిన ముసలాయనను ఇటు తిప్పినాడు. ఆయన వీపంతా మచ్చలే. అవే ఎర్ర మచ్చలు, అదే పొట్టు. ఏటా చలికాలం ఇదే పనిగా వస్తాడంట.

నేను పోయి అన్నకు చెప్పినాను. ఆయన నమ్మలేదు. "నిజంగా నూనెకేనా? తోలుకు కాదు కదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగినాడు. నూనెకే అన్నా, నీ సీకాయకే అంటే, తొట్టి అంచు పట్టుకుని నవ్వబట్టినాడు. ఏడుస్తా ఉన్నాడేమో అనుకున్నాను. లేదు, నవ్వే. అంతలో సత్రం యజమానురాలు కట్టె చీపురు పట్టుకుని వచ్చి, తొట్టి చూసి, అన్న మొగం మీదే తిట్టడం మొదలుపెట్టింది. అన్న తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆ తిట్లన్నీ తల వంచి వినినాడు.

"తిట్టిందప్పా!" అన్నాడు ఆమె పోయినాక. "దగ్గరికొచ్చి తిట్టింది, చూసినావా?"

తొట్టి అడుగున బిరడా తీసేసి, అంతా రుద్ది కడిగి, మళ్ళీ ఊట విడిచినారు. ఈలోపల ఆ మచ్చల ముసలాయన అన్నను చిన్న ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, నూనె పోయేదాకా సబ్బేసి వీపు రుద్దినాడు. తరవాత ఆయన కూర్చుని వీపు చూపించినాడు, అన్న రుద్దినాడు. అక్కడ అది మామూలంట.

నీళ్ళు నిండే దాకా ఎవురికీ ఓపిక లేదు. మోకాలెత్తు రాకముందే అందరూ దిగి, చలికి వణుకుతా, వరసగా కూర్చున్నారు. అన్న నడుమ కూర్చున్నాడు. నన్ను పిలిచినాడు, నేను దిగలేదు, నా రోత నాదే. గట్టు మీద ముక్కు మూసుకుని కూర్చుని చూసినాను. నీళ్ళు నడుము దాకా వచ్చినాయి. అన్న భుజాల మీద నుంచి పొట్టు రాలి, ఆ తెల్లనీళ్ళ మీద తేలతా పోయి పక్కనాయన రొమ్ముకు తగిలింది. ఆయన చూసినాడు. ఎదురుగా ఉన్నాయనా చూసినాడు. నీళ్ళు రొమ్ముల దాకా, భుజాల దాకా, గొంతుల దాకా వచ్చినాయి. ఎవురూ లేవలేదు.