పెద్దమ్మ వంతు బొంత

నా చిన్నప్పుడు మా పెద్దమ్మంటే నాకు ఒళ్లు మంట. ఇప్పుడామె లేదు, నాకూ డెబ్బై దాటాయి, అయినా ఆ మంట పూర్తిగా చల్లారిందని చెప్పలేను. నరసన్నపేటకి నాలుగు మైళ్ల దూరంలో మా ఊరు. ఒకే ఇంటికి మధ్యలో మట్టిగోడ పెట్టి ఇటు మేము, అటు పెదనాన్న వాళ్లు ఉండేవాళ్లం. వేరుపడినప్పుడు ఒక ఇత్తడి గంగాళం కనపడకపోతే, పెద్దమ్మ వీధిలో నిలబడి మా అమ్మని దొంగ అంది. ఆర్నెల్ల తరవాత అది వాళ్ల అటక మీదే దొరికింది. దొరికిందని వీధందరికీ తెలిసింది గాని, పెద్దమ్మ మా గుమ్మంలోకి వచ్చి ఒక్క మాట అనలేదు. మా అమ్మ ఆ ఏడాదంతా నూతి దగ్గరికి తలొంచుకునే వెళ్లింది. నేనది మర్చిపోలేదు.

మా నాయనమ్మ మా వైపు ఉండేది. ఆవిడకీ పెద్దమ్మకీ గోడ మీంచి తిట్లే తప్ప మాటల్లేవు. నాయనమ్మ బొంతలు కుట్టేది. వీధిలో పురుటి పిల్లలకి కూడా ఆవిడ బొంతే కావాలని పాత చీరలు మూటకట్టి తెచ్చిచ్చేవారు. ఇంట్లో వాళ్లకి మాత్రం ఏటా ఒకటి, వరికోతలయ్యాక మొదలుపెట్టి, చలి ముదిరేలోగా ఇచ్చేసేది. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అందరికీ వరసగా వంతు వచ్చేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ వంతు పెద్దమ్మకి వచ్చింది.

ఆమెకి కూడా కుడతావా అని నిలదీశాను. సూదిలో దారం ఎక్కించేది నేనే కాబట్టి ఆ మాత్రం అడిగే హక్కు ఉందనుకున్నాను. "దాని మొకం సూస్తే నాకు నీకన్నా మంట. అయితే ఏటి? ఈ ఏడు వంతు దానిదే," అంది నాయనమ్మ.

అరుగు మీద పాత చీర పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. దాని మీద తాతయ్య పంచెలు, వాటి మీద మళ్లీ చీరలు. ఒక అంచు దగ్గర మొదలుపెట్టి, బియ్యపు గింజంత కుట్లతో వరస వెంట వరస ఎదుటి అంచు దాకా వచ్చేది. ఈ బొంతకైనా కుట్లు దూరం దూరంగా వేస్తుందేమోనని రోజూ చూశాను. వెయ్యలేదు. దాంతో నాయనమ్మ మీద కూడా నాకు కోపం వచ్చింది.

జీడితోట కంచె మీద దూలగొండి తీగ ఉండేది. దాని కాయల మీది నూగు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గోక్కోలేక చావాలి. పుల్లతో ఆ నూగు గీకి ఆకులో పొట్లం కట్టి తెచ్చాను. నాయనమ్మ అన్నం తినడానికి లేచినప్పుడు, ఇంకా కుట్టని చివరి వైపు నుంచి పొరల మధ్యకి దులిపేశాను. అబద్ధం చెప్పను. హాయిగా అనిపించింది.

నాయనమ్మకి ఒక అలవాటుంది. ఏ బొంతైనా ఇచ్చేముందు తను ఒక మధ్యాహ్నం దాని మీద పడుకుని లేచేది. విరిగిన సూదిముక్క ఎక్కడైనా ఉండిపోతే అది తనకే గుచ్చుకోవాలని. ఆ సంగతి నాకు తెలుసు. కానీ పొట్లం దులిపినప్పుడు నా బుర్రలో పెద్దమ్మ వీపు తప్ప ఇంకో వీపు లేదు. మర్నాడు చివరి వరసలు కుట్టేసి, నాయనమ్మ బొంత పరిచి పడుకుంటుంటే గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. వద్దని అరవడానికి చాలా సమయం ఉంది. అరవలేదు.

కాసేపటికి నాయనమ్మ కేకలు పెట్టింది. వీపంతా ఎర్రగా పొంగిపోయింది. వీధిలో వాళ్లు వచ్చారు, గోడవతల నుంచి పెద్దమ్మా వచ్చింది. చూడగానే దూలగొండి అని పోల్చుకుని, పిడికెడు పేడ తెచ్చి ముసలావిడ వీపుకి తిడుతూనే పట్టించింది. అప్పుడు కింద పరిచిన బొంత ఆమె కంటపడింది. "ఇది నాకు కుట్టిందే కదా? నాకెట్టింది నీకే తగిలింది, సూసుకో," అని, బయటికి వచ్చి అదే మాట పదిమందికీ చెప్పింది. నాయనమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. ఆవిడకి తెలిసిపోయింది. అయినా వీధి ముందు పెదవి విప్పలేదు.

మూడోనాటికి దద్దుర్లు తగ్గాయి. నా చేత ఆ బొంత కుట్లన్నీ విప్పించి, గుడ్డలు కాలవలో ఉతికించి, మళ్లీ కుట్టడానికి కూర్చుంది. "తిట్టాలనుంటే గోడెక్కి తిట్టు, నేనొద్దన్లేదు. బొంతలో ఎట్టకు," అంది. వెళ్లి ఒప్పుకొమ్మని మాత్రం అనలేదు.

అనలేదు కదా అని నేనూ ఊరుకున్నాను. ఈలోగా పాత చీరల మూటలు రావడం ఆగిపోయింది. నెలలు నిండిన కూతురున్న ఎదురింటావిడ, ఇచ్చిన మూటని ఏదో సాకు చెప్పి వెనక్కి పట్టుకుపోయింది. నాయనమ్మ సూది పట్టుకుని కూర్చుని ఆవిడ వెళ్లిన వైపే చూసింది. ఒకప్పుడు అమ్మ తల దించుకున్నట్టే ఇప్పుడు నాయనమ్మ దించుకుంది. పెద్దమ్మ చేసిన పనే నేనూ చేస్తున్నానని అప్పుడు తెలిసింది. ఆమెలా ఉండటం కంటే నాకు అసహ్యమైనది ఇంకొకటి లేదు.

పదకొండో రోజున, పూర్తయిన బొంత నెత్తిన పెట్టుకుని గోడ చుట్టూ తిరిగి వెళ్లాను. పెద్దమ్మ బొంతని కర్రతో నెట్టేసింది. నూగు వేసింది నేనని చెప్పాను. చెంప మీద కొట్టింది, చెవి గుయ్‌మంది. "ముసల్దానికి తెలుసా, నువ్వే సేసినావని?" అంది. తెలుసన్నాను. "మరి నేనన్ని మాటలంటే ఏటీ అన్లేదేటి?" అంది. కర్ర పక్కన పెట్టి, బొంత తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు నూతి దగ్గర నన్ను ఎలా పెంచారో, ఎంత పాపిష్టి పిల్లనో ఊరంతా వినేలా తిట్టింది. ఆ తిట్లతోనే నాయనమ్మ మీద పడిన మాట పోయింది, మూటలు మళ్లీ వచ్చాయి. పెళ్లయ్యేదాకా వీధిలో నా పేరు దూలగొండే. పెద్దమ్మ నాయనమ్మతో మాట్లాడలేదు. గంగాళం సంగతి చచ్చేదాకా ఎత్తలేదు. నేను క్షమించనూ లేదు.

ఇప్పుడు ఇంట్లో వాళ్లకి బొంతలు నేను కుడుతున్నాను. మొన్న మా కోడలు ఒకటి వాషింగ్ మెషిన్లో వేస్తే పోగులుగా వచ్చింది. దానికి వస్తువు విలువ తెలీదని చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పాను. వారం తిరక్కుండా, అదే ఉండలోని దారంతో కుట్టిన ఇంకో బొంతలో కుట్టు నా చేతిలోనే పుటుక్కున తెగింది. దారమే చివికిపోయింది, చూసుకోనిది నేను. కోడలంటే నాకు పెద్ద ఇష్టమేం లేదు. అయినా లేచి వంటింట్లోకి వెళ్లి, తప్పు నాదేనన్నాను. అది పొయ్యి మీంచి చూపు తిప్పకుండా, "అందరికీ ఫోన్ సేసి సెప్పినారు కదా అత్తా, ఇదీ సెప్పండి," అంది.

ఒళ్లు మండిపోయింది. ఫోన్ తీసి మొదట మా చెల్లెలికి చేశాను.