‘చెదరగొట్టాం’ అని రాసిన చోట

రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ ఆగిపోలేదు. అవి ఆగిపోతాయన్న భయం పుణ్యమా అని దొరికిన మా ఆయన ఉద్యోగం మాత్రం ఆగిపోయింది. “కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యరంట. మా ఫ్లోర్‌లో సగం మందికి ఇదే ఈమెయిల్,” అని ఒక మధ్యాహ్నం సిడ్నీ శివార్లలో, టూంగాబీలోని మా ఫ్లాట్‌కు వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కూర్చుండిపోయారు. కొన్ని వారాలు చూసి టాక్సీ లైసెన్సుకు చదవడం మొదలుపెట్టారు.

నేను ఒంగోలులో కాలేజీ లైబ్రరీలో పనిచేసినదాన్ని. సిడ్నీలో ఒక పాత గ్రంథాలయం తన దగ్గరున్న చేతిరాత ప్రతులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోందని తెలిసి అడిగితే, టైపు చేసే పని ఇచ్చారు.

నాకు అప్పగించింది ఒక సర్వేయరు డైరీ. తెల్లవాళ్లు ఈ దేశంలో అడుగుపెట్టిన తొలి కాలంలో, గొర్రెలకు గడ్డి భూములు వెతుకుతూ కొండలు దాటి లోపలికి వెళ్లిన మనిషి. సిరా పాలిపోయింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. పోనుపోను ఆ రాత కంటికి అలవాటైంది. అతను దాహంతో అల్లాడిన రోజులు, ఇష్టమైన గుర్రం చచ్చిపోయిన రోజు టైపు చేస్తుంటే జాలేసేది. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు కథలా చెప్పేదాన్ని.

ఆ చలికాలంలో ఒక పెద్దావిడ వచ్చింది. పక్కన కూతురు చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. వాళ్లది ఆ డైరీలోని నది ఒడ్డుకు చెందిన ఆదివాసీ కుటుంబం. నది పక్కనున్న ప్రభుత్వ భూమి మీద తమ హక్కు గుర్తించమని వాళ్ల మనుషులు కోర్టుకు వెళ్లారు. తెల్లవాళ్లు వచ్చేనాటికి తాము అక్కడే ఉన్నామని, ఆ భూమితో తమ సంబంధం ఎప్పుడూ తెగిపోలేదని వాళ్లే రుజువు చెయ్యాలి. రుజువంటే కాగితం. ఆనాటి కాగితాలన్నీ భూమి తీసుకున్నవాళ్లు రాసుకున్నవే.

ఆవిడకు చూపు సరిగా ఆనదు, కూతురికి ఆ రాత అర్థం కాలేదు. నన్ను చదివి వినిపించమన్నారు. “కూర్చోండి ఆంటీ,” అన్నాను, మనవాళ్ల అలవాటుకొద్దీ. ఆవిడ నవ్వింది. వాళ్లలోనూ పెద్దవాళ్లను ఆంటీ అనే పిలుస్తారట.

“ఎక్కడుంటావమ్మా?”

“టూంగాబీలో.”

“అది అక్కడి ఆదివాసుల మాట. నీళ్ల దగ్గరి చోటు అని. ఇప్పుడు వాళ్లెక్కడున్నారో అడిగావా ఎవర్నైనా?”

అడగలేదు. ఆ మాట ఇంగ్లీషే అనుకున్నాను.

డైరీలో ఆ నదిని చేరిన పేజీలు తీశాను. ఒడ్డున గుడిసెలు ఉన్నాయని, చేపలు పట్టడానికి రాళ్లతో అడ్డుకట్టలు కట్టారని, పొగలు కనిపించాయని రాశాడు. ఆంటీ ప్రతి వాక్యానికీ తలూపుతోంది. తర్వాతి పేజీలో, మర్నాడు తెల్లవారుజామున నీటిమడుగు దగ్గర గుంపును చెదరగొట్టామని ఉంది. ఆ కింద వాతావరణం గురించి. నేను ఆగకుండా చదువుకుంటూ పోయాను.

“ఆగు. ఆ మాట మళ్లీ చదువు.”

“చెదరగొట్టాం.”

ఆంటీ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. “కాల్చి చంపారని అర్థం. చంపామని రాస్తే పైవాళ్లు అడుగుతారు. అందుకని అట్లా రాసేవాళ్లు. మా అమ్మమ్మ వాళ్లమ్మ అప్పుడు చిన్నపిల్ల. తల్లి ఆమె నోరు మూసి రెల్లు పొదల్లో పడుకోబెట్టింది. తుపాకులు ఆగాక చూస్తే, నోటి మీద చెయ్యి అట్లాగే ఉంది, తల్లిలో ప్రాణం లేదు.”

ఆ పేజీని నేను అంతకు ముందే టైపు చేశాను. అప్పుడు ఆ మాట దగ్గర నా వేళ్లు ఆగలేదు.

ఆంటీ మాత్రం ఆ రోజు సంతోషంగానే వెళ్లింది. “మేం కట్టుకథలు చెబుతున్నామంటారు. ఇప్పుడు వాడే రాశాడు కదా!” అంది. నేను మా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, ఆ మాట కింద చిన్న వివరణ చేరుద్దామని అడిగాను. “మన పని ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం. అర్థాలు చెప్పడం కాదు,” అని ఆవిడ మర్యాదగానే తిప్పి పంపింది.

మరుసటి ఏడాది విచారణ జరిగింది. సెలవు పెట్టి వెళ్లాను. అవతలి లాయరు చేతిలో నేను టైపు చేసిన పేజీలే ఉన్నాయి. చెదరగొట్టడమంటే తరిమెయ్యడమనీ, చంపినట్టు ఎక్కడా లేదనీ వాదించాడు. తర్వాత పేజీ తిప్పాడు. కొన్నాళ్లకు అదే దారిన తిరిగొచ్చిన సర్వేయరు, ఈ నేల మీద మనుషుల జాడ లేదు, గొర్రెలకు శ్రేష్ఠమైన భూమి అని రాసుకున్నాడు.

“చూశారా, అక్కడ ఎవరూ లేరు,” అన్నాడు లాయరు.

ఆంటీ సాక్షి బోనులోంచి, “ఎందుకుంటారు? చంపేశాక ఎవరుంటారు?” అంది. అడిగినదానికే జవాబు చెప్పమన్నారు. పొదల్లో దాక్కున్న పిల్ల సంగతి మీకెలా తెలుసని అడిగారు. మా అమ్మమ్మ చెప్పిందంది. ఏ కాగితంలో ఉందన్నారు.

కేసు పోయింది. సంబంధం నిరూపించలేకపోయారని తీర్పు. ఆంటీ వాళ్లమ్మను పిల్లగా ఉన్నప్పుడే ప్రభుత్వం వాళ్లు ఎత్తుకెళ్లి మిషన్ బడిలో పడేశారు. ఆ ఏళ్లను కూడా సంబంధం తెగిపోయిన కాలంగానే లెక్కగట్టారు.

అప్పటికి మా ఆయన టాక్సీ నడుపుతున్నారు. మళ్లీ ఐటీ ఉద్యోగం వెతుక్కునే మాట కూడా మా ఇంట్లో ఆగిపోయింది. ఒక రాత్రి ఇంటికొచ్చి, “ఆవిడకు ఆ చోటు చూడాలనుందేమో కనుక్కో, తీసుకెళ్దాం,” అన్నారు. ఆ ఆదివారం చర్చికి వెళ్లడం మానేసి, ఆంటీని, కూతురిని ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరాం. మధ్యాహ్నం దాటాక చేరాం. మడుగు దాకా పోవాలంటే ఒక గొర్రెల ఫారం దాటాలి. గేటుకు తాళం. కూతురు ముందే ఫోన్ చేసి అడిగిందట, యజమాని కుదరదన్నాడు.

కంచె అవతల దూరంగా రెల్లు కనిపిస్తోంది. ఆంటీ ఇనుప తీగ పట్టుకుని నిలబడి, గొంతెత్తి తన భాషలో ఏదో పిలిచింది. కొన్ని మాటలే. మళ్లీ అవే అంది. గొర్రెలు తలలెత్తి చూశాయి.

“ఏమన్నారు ఆంటీ?” అని అడిగాను.

“ఎవరెవరు వచ్చామో చెప్పాను. కొత్తవాళ్లను తీసుకొస్తే ఇక్కడ పోయిన మా పెద్దలకు చెప్పాలి. ఇంకా చెప్పాలనుంది కానీ, మా భాషలో నాకు వచ్చిన మాటలు అంతే. మిగతావి ఆ మిషన్ బడిలో మా అమ్మకే రానివ్వలేదు.”

మా ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. కూతురు కంచెకు వీపు తిప్పి కారు వైపు నడిచింది. చలిగాలి మొదలయ్యేదాకా ఆంటీ అక్కడే ఉంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “ఇంక పదమ్మా, చాలా దూరం పోవాలి మనం,” అంది.