డ్రైవ్‌షాఫ్టుకి వదిలిన కుట్టు

మా ఆయన ముసలివాళ్ళుండే నర్సింగ్ హోములో నర్సు. కోవిడ్ మొదటి ఏడాది ఆ రోగం అక్కడే అంటించుకుని ఇంటికొచ్చాడు. జ్వరం పోయింది గానీ ఆయాసం పోలేదు, మతిమరుపు కొత్తగా వచ్చింది. కెటిల్ తీసుకెళ్ళి ప్రెస్‌లో, అదే గిన్నెల అలమరలో, పెట్టి, ఇల్లంతా వెతికేవాడు. ముసలివాళ్ళకి మందులు కొలిచి ఇచ్చే మనిషికి అదెంత భయమో చెప్పక్కర్లేదు.

ఆ సెలవులో ఆయన్ని మంచం మీంచి లేపింది ఒక్క కారే. ఇక్కడ ఐర్లండులో, ఆడమ్స్‌టౌన్‌లో మా ఇంటి పక్క షెడ్డులో, డబ్బాల్లో వచ్చిన భాగాలతో సొంతంగా కట్టుకుంటున్నాడు. ఇంజను, దాన్నించి చక్రాలకి ఊపందించే డ్రైవ్‌షాఫ్టులు పాత కారువి. కొత్త చట్రం సన్నం కాబట్టి ఆ ఊచల్ని పొట్టి చేయించాలి. క్లోనీ అనే ఊరి దగ్గర ఇనుము కోసే లేతు పెట్టుకున్న ఓ ఐరిష్ పెద్దాయన చేస్తానన్నాడు. మనుషులు కదలకూడని రోజులు, కొలతల చీటీ రాసి ఊచలతో పాటు కొరియర్‌లో పంపమన్నాడు.

కారు కింద దూరే ఊపిరి ఈయనకి లేదు. నేను దూరాను. జాకెట్లు కుట్టే నా టేపే పట్టుకుని, గేర్‌బాక్సు నించి చక్రం దాకా కొలిచి, పైకి అరిచాను. ఎడమది పంతొమ్మిదీ ముప్పావు, కుడిది ఇరవై నాలుగున్నర. ఆయన రాసుకున్నాడు.

రెండు వారాలకి షాఫ్టులు తిరిగొచ్చాయి. పట్టలేదు. రెండూ అంగుళం పొడుగు. మా ఆయన వాటితో తిరిగొచ్చిన చీటీ చూసి అన్నాడు: "నువ్వు పద్దెనిమిదే చెప్పుంటావు. నేనే పంతొమ్మిది రాసుంటాను."

తప్పెవరిదో నాకు అప్పటికి నిజంగా తెలీదు. మర్నాడు పొద్దున పక్కింటావిడ జాకెట్టుకి గుడ్డ మీద సుద్ద గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. పదహారేళ్ళప్పటి నించీ నాకు అలవాటు, కొలిచిన అంకె చెప్పను, కుట్టుకి అటూ ఇటూ అరంగుళం కలిపి చెప్తాను. ఇనుముకీ కుట్టు వదిలేశాను.

చెప్పలేదు. పెళ్ళయ్యాక ఆయన పనిలో నన్ను కలుపుకోవడం అదే మొదలు. చెబితే మళ్ళీ టేపు నా చేతికివ్వడేమోనని. ఇవాళ, రేపు అనుకుంటూ మూడు రోజులు గడిపాను. నాలుగో రోజు టీ తాగుతూ, మేనేజరుకి ఫోన్ చేసి ఉద్యోగం మానేస్తానని చెప్పాలన్నాడు.

"కారు కాబట్టి సరిపోయిందే. అదే ఇన్సులిన్ అయితే?"

అప్పుడు చెప్పాను, కుట్టు సంగతంతా. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. చీటీ నా ముందుకి తోసి, చూడమన్నాడు. తను కిటికీ వైపు తిరిగి, చీటీ చూడకుండా, నేను అరిచిన రెండంకెలూ చెప్పాడు. తర్వాత అంగుళం తీసేసి, పద్దెనిమిదీ ముప్పావు, ఇరవై మూడున్నర అన్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

పెద్దాయనకి నేనే ఫోన్ చేశాను, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో. పొట్టివైతే పారేయాల్సిందే, పొడుగు గనక మళ్ళీ కోస్తాను, గ్రాండ్, ఏం ఫర్వాలేదు, అన్నాడు. మా ఆయన మేనేజరుకి ఫోన్ చెయ్యలేదు.

కానీ నేను ఫోన్ పెట్టేశాక నన్నొకటి అడిగాడు. "తెలిసి కూడా మూడు రోజులు చూస్తూ కూర్చున్నావా?"

అవునన్నాను. ఆయన తన కప్పు కడిగి బోర్లించి, షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.