దీవెన పరీక్షకు మౌన ప్రార్థన

రేపల్లెలో మా చర్చి సంఘానికి చెందిన దీవెన న్యాయశాస్త్రంలో వెనకబడటానికి సోమరితనం కారణమంటే నేను ఒప్పుకోను. ఆమె చదువు కోసం చుట్టూ ఉన్నవాళ్లం ఎంతగానో పాటుపడ్డాం. అందువల్లనే ఆమెకు చదువుకునే తీరిక దొరకలేదు. కోర్సులోని పేపర్లన్నీ గట్టెక్కాయి గాని, ఆస్తి బదిలీ చట్టం ఒక్కటి రెండుసార్లు తప్పింది. అది గట్టెక్కితే తప్ప పట్టా రాదు. పట్టా చేతికి వస్తే తప్ప నల్లకోటు వేసుకునే అర్హత లేదు.

మొదటిసారి తప్పినప్పుడు దోషం ఆమెదే. తెల్లవారకముందే నిద్ర లేవడం ఎలా, మనసును నిలపడం ఎలా, లక్ష్యాన్ని సాధించడం ఎలా అని ఫోనులో ఉపన్యసించే పెద్దమనుషుల మాటలన్నీ ఆమె శ్రద్ధగా విన్నది. వాటిలో ముఖ్యమైనవాటిని రంగురంగుల పెన్నులతో రాసుకున్నది. గోడకు టైంటేబులు అంటించింది; అది అందంగా లేదని చించి, మరొకటి రాసింది. చదవడానికి కావలసిన ఉత్సాహమంతా సమకూరేసరికి పరీక్ష వచ్చేసింది. ఉత్సాహానికి మార్కులు వేసే పద్ధతిని విశ్వవిద్యాలయాలు ఇంకా ప్రవేశపెట్టలేదు.

రెండోసారి తప్పిన దోషంలో మాకందరికీ వాటా ఉంది. దీవెన తల్లి రూతు ప్రభుత్వాసుపత్రిలో నర్సు. రూతు అక్క ఫ్లోరెన్స్ మా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. చెల్లెలి కూతురి పరీక్షను ఫ్లోరెన్స్ సమాజం పనిగా స్వీకరించింది. ప్రతి సాయంకాలం రూతు ఇంట్లో ప్రార్థన కోసం గృహకూటం జరిగేది. ఎవరి కోసం ప్రార్థిస్తున్నామో ఆ మనిషి కూటంలో లేకపోతే ఏం బాగుంటుంది? అందుచేత దీవెన ఉండవలసిందే. చాపలు పరచడం, పాటల పుస్తకాలు పంచడం, చివర టీ ఇవ్వడం, గ్లాసులు కడగడం ఆమె పనులే. ఫ్లోరెన్స్ ప్రార్థన సవివరంగా ఉంటుంది. పరీక్ష ఏ ఊళ్లో, ఏ పూట, ఏ గదిలో జరుగుతుందో ప్రభువుకు పూర్తిగా విన్నవించనిదే ఆమెకు తృప్తి ఉండదు. ఒకనాడు హాల్ టికెట్ నంబరులో ఒక అంకె తప్పుగా చదివింది. దీవెన కళ్లు తెరవకుండానే దాన్ని సరిదిద్దింది. కూటం ముగిసి, గ్లాసులు బోర్లించి పుస్తకం పట్టుకునే వేళకు ఆ పిల్లకు నిద్ర ముంచుకొచ్చేది.

ఫలితం వచ్చాక ఎవరూ ఆమెను నిందించలేదు. ప్రార్థన చాలలేదని నిశ్చయించి, తరువాతి పరీక్షకు కూటాల సంఖ్య పెంచాలని తీర్మానించారు. ఆ తీర్మానానికి నేను కూడా చెయ్యి ఎత్తాను.

ఇంతలో బాపట్ల నుంచి జనార్దనరావు గారి కబురు వచ్చింది. ఆయన అక్కడ పేరున్న వకీలు. పట్టా రాగానే దీవెనను జూనియర్‌గా చేర్చుకుంటానని మాట ఇచ్చి, తన ఆఫీసులో ఒక కుర్చీని ఖాళీగా ఉంచారు. ఆమె వెళ్లేసరికి వరండా నిండా కక్షిదారులు ఉన్నారు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని దీవెన తరువాత నాతో అన్నది.

“చూడమ్మా, వీళ్లంతా పొద్దున్నుంచి కూర్చున్నారు. కాయితాలు చదివే మనిషి లేక నేను వాయిదాలు అడుగుతున్నాను. పొన్నూరు కుర్రాడొకడు పట్టా చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు. ఈసారి నువ్వు పాసైతే ఆ కుర్చీ నీది. లేదంటే అతనిది. నన్ను తప్పుపట్టకు.”

“తప్పుపట్టనండి,” అన్నది దీవెన.

తిరుగు ప్రయాణంలో తెనాలి స్టేషనులో రేపల్లె బండి కోసం కూర్చున్నప్పుడు ఆమె అలవాటు చొప్పున ఫోను తెరిచింది. విజేతలు చేసే పనులను గురించి ఎవరో చెప్పబోతుండగా ఆపేసింది. ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న కూటాలు తలపుకు వచ్చాయి. వద్దంటే పెద్దమ్మ నొచ్చుకుంటుంది. అవిశ్వాసమని సంఘం చెప్పుకుంటుంది. సరేనంటే కుర్చీ పోతుంది. బండి దిగి, ఇంటికి వెళ్లకుండా నేరుగా ఫ్లోరెన్స్ దగ్గరకు వెళ్లింది. నేను అప్పుడు అక్కడే చందా రసీదులు సరిచూస్తున్నాను.

“పెద్దమ్మా, ఈసారి మౌన ప్రార్థన పెడదామా?”

“మౌనమా? మన సుందరమ్మ నోరు మూసుకుని కూర్చుంటుందంటే నేనే నమ్మను, దేవుడు నమ్ముతాడా?”

“దేవుడికి చెవుడు లేదు గదా.”

“లేదులే. మేం మౌనంగా ఉంటే నువ్వేం చేస్తావంట?”

“మీ మధ్యలో కూర్చుని చదువుకుంటా.”

“ప్రార్థన జరుగుతుంటే లా పుస్తకం చదువుతావా? ఎక్కడన్నా ఉందా?”

“అన్నం ఉడకాలని ప్రార్థన చేసేటప్పుడు పొయ్యి ఆర్పేస్తామా పెద్దమ్మా?”

ఫ్లోరెన్స్ నా వైపు చూసింది. వాదంలో లోపం నాకు కనిపించలేదని చెప్పాను. “మరి టీ?” అని అడిగింది. టీ సంగతి రూతు చూసుకుంటుందని తేలాక ఒప్పుకున్నది.

ఆ విధంగా సాయంకాలాలు నిశ్శబ్దమయ్యాయి. మేము గోడల వెంట కూర్చునేవాళ్లం. నడుమ దీవెన, ఆమె ఎదుట పుస్తకం. అంతమంది పెద్దవాళ్ల నడుమ కూర్చున్న పిల్ల ఫోను ముట్టుకోలేదు, కునుకు తీయలేదు, రంగు పెన్నుల జోలికి పోలేదు. చదవడం తప్ప ఆమెకు గత్యంతరం లేకపోయింది. ఇక కళ్లు మూసుకున్నంత మాత్రాన ఏమీ కనపడదని అనుకోవడం పొరపాటు. ఒకనాడు ఫ్లోరెన్స్ ఒక కన్ను తెరిచింది.

“ఆ పేజీ తిరగలేదేంటే?”

“తనఖా పాఠం దగ్గర ఆగాను పెద్దమ్మా.”

“పోయినసారి మునిగింది అక్కడే గదా. మళ్లీ మొదట్నుంచి చదువు,” అని కన్ను మూసుకున్నది.

ఆశ్చర్యమేమంటే, పాటలూ ప్రసంగాలూ ఉన్న రోజుల్లో రానివాళ్లు కూడా మౌనానికి రాసాగారు. ఇంట్లో కాసేపు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగే బ్రతుకులు వాళ్లవి. ఇక్కడ పిలిచేవాళ్లు లేరు. సుందరమ్మ గోడకు ఆనుకుని చిన్నగా గురక పెట్టేది. గాఢమైన ప్రార్థనగా భావించి మేము ఆమెను కదిలించేవాళ్లం కాదు.

దీవెన పరీక్ష రాసింది. పాసయింది. మార్కులను గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు, పాసయింది, అంతే. వెంటనే కృతజ్ఞతా కూటం పెట్టారు. ఈసారి మౌనం లేదు. ఇది కేవలం స్త్రీల సమాజం ప్రార్థనాఫలమని ఫ్లోరెన్స్ సుదీర్ఘంగా ప్రకటించి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని దీవెనను లేపింది. నాకు కొంచెం భయం వేసింది. కష్టపడి చదివింది ఆ పిల్ల. ఆ మాట అంటే పెద్దమ్మ చిన్నబోతుంది, అనకపోతే ఆ పిల్లకే అన్యాయం.

దీవెన అందరినీ ఒకసారి చూసింది. “మీరు రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. మీరు కూర్చోకపోతే నేను చదివేదాన్ని కాదు. నాకు తెలిసిన సత్యం ఇదే,” అని కూర్చున్నది.

అందరూ ఆమేన్ అన్నారు. ఫ్లోరెన్స్ మాత్రం నా చెవి దగ్గరికి వంగి, “కోర్టులో ఇట్టా మాట్లాడితే మాత్రం దానికి తిరుగుండదు,” అన్నది.

బాపట్లలో కుర్చీ ఆమెకు దక్కింది. జనార్దనరావు గారు లోపలి గదిలో ఫ్యాను కింద దాన్ని వేయించి, ఎవరూ విసిగించకుండా తలుపు మూయించి, ఒక దస్త్రం ఇచ్చి కోర్టుకు వెళ్లారు. అంతటి ఏకాంతం దీవెనకు జీవితంలో ఎన్నడూ దొరకలేదు. దస్త్రం తెరిచింది. మొదటి కాగితం దగ్గరే ఆగిపోయింది. ఫోను తీసింది, పెట్టేసింది. మళ్లీ తీసింది.

చివరకు లేచి, దస్త్రం చంకన పెట్టుకుని వరండాలోకి నడిచి, కక్షిదారుల బెంచీ ఎదుట స్టూలు లాక్కుని కూర్చున్నది. వాళ్లంతా ఆమె చేతుల వంక చూడసాగారు. కాగితాలు తిరగసాగాయి.

బెంచీ చివర కూర్చున్న బసవమ్మ అనే ముసలావిడ చాలాసేపు ఓర్చుకుని, చివరకు అడిగింది. “అమ్మాయ్, ఈ బసవమ్మది ఎప్పుడు చూస్తావమ్మా?”

దీవెన దస్త్రం మీది పేరు మరొకసారి చూసుకున్నది. “ఇప్పుడు చదివేది మీదేనండి మామ్మగారూ.”

బసవమ్మ బెంచీ మీద నుంచి లేచి వచ్చి, స్టూలు ఎదురుగా నేల మీద సర్దుకుని కూర్చున్నది.