పిట్టూ బరువు, సీసాలో నీళ్లు

1996 వేసవిలో నేను కెప్టెన్ హోదాలో ఢిల్లీ కంటోన్మెంట్‌లో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరి నుంచి ఒక చిన్న దళం గఢ్వాల్ కొండల్లో పది రోజుల నడకకు వెళ్లాల్సి ఉండగా, దానికి డాక్టరుగా నన్ను వేశారు. దళనాయకుడు మేజర్ సూద్.

సైనికుడు వీపున మోసే సంచిని పిట్టూ అంటారు. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి కిలో ఊపిరి మీద, మోకాళ్ల మీద పడుతుంది. అందుకని ఎవరి పిట్టూ పద్దెనిమిది కిలోలు దాటకూడదని మేజర్ నిర్ణయించారు. డబ్బా ఆహారం మాన్పించి అటుకులు, వేయించిన శనగల సత్తు పిండి పెట్టించారు. రెండో జత బూట్లు తీయించారు. ముగ్గురికి కలిపి ఒకే స్టవ్. ఇవన్నీ సబబే. సీసాలో నీళ్లతో కలిపి తూచడం మాత్రం నాకు నచ్చలేదు, ఆ మాట చెప్పాను. "కొండ మీద నీళ్లూ బరువే కదా డాక్టర్," అన్నారాయన. తూకం మించినవాడికి గఢ్వాల్ లేదు.

బయలుదేరే ముందు కసరత్తుగా, గుర్గావ్ దాటాక సోహ్నా వైపు ఆరావళి గుట్టల్లో రెండు రోజుల నడక పెట్టారు. ఉదయం ట్రక్కు పక్కన కాటా వేలాడదీసి తూచారు. అందరూ హద్దులోనే ఉన్నారు.

ఎండ ముదిరాక లాన్స్ నాయక్ అప్పలనాయుడు వెనకబడ్డాడు. బొబ్బిలి వైపు మనిషి. దళంలో నేను కాక తెలుగువాడు అతనొక్కడే. నన్ను మేడమ్ అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు. దగ్గరికి వెళితే నా మొహంలోకి చూసి, "వదినా, బేగి రా, బస్సెల్లిపోతాది," అన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది.

వడదెబ్బ మెదడు దాకా వెళ్లినప్పుడు మనిషిని ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే మోయాలి. తుమ్మ చెట్టు నీడలో పడుకోబెట్టి అతని సీసా తీశాను. ఖాళీ.

"తూకానికి ముందు పారబోశాడు మేడమ్," అన్నాడు పక్కనున్న జవాను హిందీలో. తల దించుకుని, "మేమూ కొంచెం కొంచెం..." అన్నాడు.

అందరి సీసాలూ తెప్పించాను. చాలావాటిలో సగం కూడా లేవు. ఉన్నవన్నీ అతని మీద పోయాలన్నాను.

మేజర్ అడ్డుపడ్డారు. "రోడ్డు చాలా దూరం. మిగతావాళ్లూ నా మనుషులే. వాళ్లు పడిపోతే?"

"వాళ్లు నీడలో కూర్చుని ఆగగలరు సర్. ఇతను ఆగలేడు."

ఆయన "ఠీక్ హై" అని, ముందు తన సీసా మూతే తీశారు. బాగా పరిగెత్తగల ఇద్దరి పిట్టూలు దింపించి, వాళ్లను నీళ్ల కోసం కింద ట్రక్కు దగ్గరికి పంపారు.

మెడ మీద, చంకల్లో, తొడల మధ్య నీళ్లు పోస్తూ, తువ్వాళ్లతో విసిరించాను. చేతికి సెలైన్ ఎక్కించాను. నీళ్లు అయిపోయాయి. ఒంటి వేడి మాత్రం దిగలేదు. కాసేపటికి అతని గొణుగుడు కూడా ఆగిపోయింది. నోళ్లు ఎండిపోయిన మనుషులు విసరడం ఆపలేదు, నేను నాడి మీద నుంచి వేళ్లు తీయలేదు. ఆ ఇద్దరూ నీళ్ల జెర్రీకేన్లు మోసుకుని గుట్ట ఎక్కి వచ్చేదాకా అంతే.

రెండో కేను సగమయ్యాక అతను కళ్లు తెరిచాడు. "నానెక్కడున్నాను మేడమ్?" అన్నాడు. అప్పుడు తీశాను నాడి మీద నుంచి వేళ్లు.

అతను బతికాడు. గఢ్వాల్‌కు మాత్రం ఆ ఏడు నేను అనుమతి ఇవ్వలేదు. ఆ మాట చెబితే ఆసుపత్రి మంచం మీద మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మేజర్ తూకం పద్ధతి మార్చారు. అప్పటి నుంచి ముందు పొడి సామాను తూచేవారు, ఆ తర్వాత అందరి ఎదుటా సీసాలు నింపించేవారు.

బరువుకు ఒక్క హద్దు గీసి వదిలేస్తే, మనిషి అక్కర్లేనిదాన్ని వెతికి తీయడు. చేతికి సులువుగా అందేదాన్ని తీస్తాడు. ఏది తీయకూడదో ముందు చెప్పిన తర్వాతే ఎంత తగ్గించాలో చెప్పాలి.