మా అత్త మార్జిన్

మా అత్త ఒకరి కొలతలకి ఇంకొకరి బట్టలు కుట్టదు. ఎవరైనా పక్కింటావిడ కోటు పట్టుకొచ్చి "అచ్చం ఇలాగే కావాలి" అంటే చాలు, మెడలోంచి టేపు లాగి బల్ల మీద పడేస్తుంది. "ఆవిడ భుజాలు నీకున్నాయా? నీ నడుము ఆవిడకుందా? నిలబడు, కొలుస్తాను." ఎవరూ పారిపోరు. తిట్లు తిని మరీ కుట్టించుకుంటారు. వాళ్ళ ఖర్మ అనుకుంటాను, నా సంగతి తలుచుకోకుండా. నేను ఆవిడకి ఒక్కగానొక్క కోడల్ని. ఆ కొట్లోనే గుండీలు కుడతాను.

ఇంత తెలిసిన మనిషి, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తోడికోడలి కొలతలే కావాలంది.

తోడికోడలంటే మా చిన్నత్త. అన్నదమ్ములు కొట్టు పంచుకున్నప్పుడు మధ్యలో చెక్క అడ్డం కట్టారు. ఇటు మా కుట్టుమిషన్లు, అటు చిన్నత్త గుండీలూ దారాలూ అమ్మే కొట్టు. చెక్క బాగా పల్చన. అటు చిన్నత్త నవ్విందంటే ఇటు మా అత్త మిషన్ వేగం పెరుగుతుంది. చిన్నత్త కొత్త ఫ్యాను పెట్టించుకుంటే మా అత్తకి ఉక్కపోసింది. చిన్నత్త జుట్టు, చిన్నత్త మొగుడు ఫ్లాస్కులో టీ తెచ్చివ్వడం, ఆఖరికి పొద్దున్నపూట అటు వైపు పడే ఎండ కూడా మా అత్తకి కడుపుమంటే. "నీకు తోడికోడలు లేదు, అదృష్టవంతురాలివి" అని నన్ను కూడా ఓ చూపు చూసేది.

రెండేళ్ళ కిందట చిన్నత్తకి రొమ్ము కేన్సర్ వచ్చింది. గడ్డ ఒక్కటే తీసి రొమ్ము ఉంచేశారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. జుట్టు ఊడలేదు. "హార్మోన్ పాజిటివ్ అన్నారక్కా. మంచిదేనట, మాత్రకి లొంగుతుందట" అని చిన్నత్త చెప్పింది. మా అత్త "పోన్లే, మంచిదే" అని ఇటొచ్చి, "చూశావా, జబ్బు కూడా దానికి వంగి సలాం కొట్టింది" అంది నాతో. ఆ తర్వాత చిన్నత్త మా దగ్గర కుట్టించుకోవడం మానేసి, వదులుగా ఉండే రెడీమేడ్ బట్టలు కొనుక్కోవడం మొదలెట్టింది. అదింకో మంట. "నా కుట్టు దాని కంటికి ఆనడం లేదు" అని మా అత్త నెల రోజులు సణిగింది.

ఈ ఏడాది మా అత్తకే గడ్డ తగిలింది. స్నానం చేస్తుంటే చేతికి కోటు గుండీలా గట్టిగా. నొప్పి లేదు కదా, ఊరుకుందామంది. నొప్పి ఉన్నా లేకపోయినా చూపించుకోవాలని నేను నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. "చిన్నత్త అయితే వెంటనే వెళ్ళింది" అన్నాను. మర్నాడే బయల్దేరింది.

మామోగ్రాం తీశారు, స్కాన్ చేశారు, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. కేన్సరే. డాక్టరమ్మ ఓపిగ్గా రెండు దారులూ చెప్పింది. గడ్డని, చుట్టూ కాస్త మంచి భాగంతో సహా తీసి, రొమ్ము ఉంచి, రేడియేషన్ ఇవ్వడం ఒకటి. మొత్తం తీసెయ్యడం ఇంకోటి.

"మీలాంటి వాళ్ళకి ఏది చేసినా బతికే కాలం ఇంచుమించు ఒకటేనమ్మా. కాకపోతే మీ గడ్డ కాస్త పరుచుకున్నట్టుంది. ఉంచడానికి చూస్తాను గానీ, మళ్ళీ ఇంకోసారి కొయ్యాల్సి రావచ్చు. ఆలోచించుకుని చెప్పండి."

మా అత్త ఆలోచించలేదు. "మా తోడికోడలికి ఏం చేశారో నాకూ అదే చెయ్యండి."

"ఆవిడ సంగతి వేరమ్మా..."

"ఏం వేరు? దానికి ఉంచి నాకు తీసేస్తారా?"

పక్కింటావిడ కోటు పట్టుకొచ్చినవాళ్ళు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుంది. ఆ మాట అనేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ కోడలి నోరు ఆసుపత్రిలో కూడా కోడలి నోరే.

ఆపరేషన్ బాగానే అయింది. కోసిన ముక్క పరీక్షకి వెళ్ళింది. ఆ రిపోర్టు నా ఫోన్‌కి వచ్చింది. దాని గురించి మాట్లాడడానికి డాక్టరమ్మ సోమవారం రమ్మంది. మా అత్త అప్పటికే కొట్లోకొచ్చి, కుట్టే ఓపిక లేక మిషన్ తుడుస్తూ కూర్చుంది. "చదువు" అంది. అంత పొడుగు ఇంగ్లీషు మాటల మధ్య నాకు తెలిసినవి రెండే కనబడ్డాయి.

"మార్జిన్ పాజిటివ్" అని చదివాను.

మా అత్త మొహం వెలిగిపోయింది.

దర్జీకి మార్జిన్ అంటే కుట్టు లోపల వదిలే గుడ్డ. ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. మార్జిన్ ఉన్న బట్ట ఏళ్ళ తరబడి వస్తుంది. ఇక పాజిటివ్ మంచిదని సాక్షాత్తూ చిన్నత్తే చెప్పింది. రెండు మంచి మాటలు కలిస్తే చెడ్డ మాట ఎలా అవుతుంది? నాకూ అనుమానం రాలేదు. నేనూ ఆ కొట్లో మనిషినే.

"మరి దానికో?" అంది గడ్డంతో చెక్క వైపు చూపిస్తూ.

"చిన్నత్తకి మార్జిన్ నెగటివ్ అన్నట్టు గుర్తు."

"అదీ! దానికి లేదు, నాకుంది." చెక్కకి అవతల వినబడేలా గొంతు పెంచింది. "సోమవారం ఆసుపత్రీ లేదు, ఏమీ లేదు. యూనిఫాంలు గుట్టలు పడున్నాయి. ఇంత మార్జిన్ పెట్టుకుని ఇంకా డాక్టర్ల చుట్టూ తిరుగుతామా?"

అవతల ఏదో డబ్బా కింద పడింది. గుండీలు దొర్లిన చప్పుడు. చిన్నత్త చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, అది మంచిది కాదక్కా. సోమవారం వెళ్ళి తీరాలి."

"నీకైతే పాజిటివ్ మంచిది, నాకైతే కాదా?"

"నాది హార్మోన్‌ది. ఇది మార్జిన్. అది వేరు, ఇది వేరు."

"నీకు లేనిది నాకుందని ఏడుస్తున్నావు."

చిన్నత్త నిజంగానే ఏడుస్తోంది. మా అత్తకి ఆ ఏడుపుకీ ఈ ఏడుపుకీ తేడా తెలిసే స్థితి కాదు. నాకు మాత్రం చేతిలో ఫోన్ బరువెక్కింది.

చిన్నత్త కళ్ళు తుడుచుకుని, కింద పడున్న ముక్కల్లోంచి మిషన్ నూనె మరక పడ్డ గుడ్డ ఒకటి ఏరింది. మా అత్త వాడే కత్తెర అందుకుంది. ఆ కత్తెర నేను కూడా ముట్టుకోను. మరక మీదుగా అడ్డదిడ్డంగా కత్తిరించి, ముక్కని మా అత్త చేతిలో పెట్టింది.

"అదేం కోతే!" అని అరిచింది మా అత్త. "చుట్టూ మంచి గుడ్డ వచ్చేలా కోయాలి గానీ! మరక ముక్క అంచుదాకా ఉంది, చూడు. మిగతా గుడ్డలో ఇంకా ఉండిపోదూ?"

"మార్జిన్ పాజిటివ్ అంటే అదే అక్కా. వాళ్ళు చూసేది తీసిన ముక్క అంచు. అక్కడ జబ్బు కనబడింది. నీ ఒంట్లో ఇంకా మిగిలుండొచ్చు."

మా అత్త ఆ గుడ్డ తిప్పి తిప్పి చూసింది. చూసి అన్న మాట ఇదీ: "అయితే శుభ్రమైన అంచు కూడా నీకే వచ్చిందన్నమాట."

"నాకేం వచ్చిందో చూద్దువు గాని, రా" అని చిన్నత్త ఆవిడ చెయ్యి పట్టుకుని ట్రయల్ గది పరదా వెనక్కి లాక్కెళ్ళింది. నేను చూడలేదు. విన్నాను.

"రేడియేషన్‌కి ఇలా గట్టిపడింది. ఇక్కడ గుంట. రెండు వైపులూ ఒకలా లేవు. నీ టేపు చుడితే ఇట్టే తెలిసిపోతుంది. అందుకే కుట్టించుకోవడం మానేశాను. లోపల్లోపల సంతోషిస్తావేమోనని."

మా అత్త పరదా తప్పించుకుని బయటికొచ్చి, "సోమవారం ఎన్నింటికి రమ్మన్నారు?" అని నన్నడిగింది.

సోమవారం ముగ్గురం వెళ్ళాం. ఇంకాస్త చుట్టూ తీసి చూడొచ్చని, లేదంటే మొత్తం తీసెయ్యొచ్చని డాక్టరమ్మ చెప్పింది. మా అత్త అలవాటు కొద్దీ చిన్నత్త వైపు తిరిగింది. మళ్ళీ తనే ఇటు తిరిగి, "దాని సంగతి వదిలెయ్యండి. నా కొలతలకి ఏది సరిపోతుందో చెప్పండి" అంది.

ఆ రోజు డాక్టరమ్మని వదల్లేదు. మొత్తం తీస్తే రేడియేషన్ తప్పుతుందా? చెయ్యి పైకి లేస్తుందా, కత్తెర పట్టగలనా? మందులు ఏవి ఇవ్వాలో ఎలా తేలుస్తారు? అన్నీ విని, మొత్తం తీసెయ్యమంది. దాని మొహాన్నీ దీని మొహాన్నీ చూడకుండా చెప్పింది.

ఆపరేషన్ రోజు స్ట్రెచర్ పక్కన చిన్నత్త నడుస్తోంది, చేతిలో ఆ ఫ్లాస్కే.

"నిజం చెప్పనా అక్కా? నిన్ను చూస్తే నాకు కుళ్ళుగా ఉంది."

"నన్నా? ఇప్పుడా?"

"నీ పక్కన నేనున్నాను. నా ఆపరేషనప్పుడు నువ్వు చెక్కకి అవతలే ఉండిపోయావు."

మా అత్త చెయ్యి చాపి చిన్నత్త చొక్కా అంచు పట్టుకుంది. వేళ్ళతో కుట్టు తడిమి, "మార్జిన్ కూడా వదల్లేదు వెధవలు. నేను వచ్చాక కొలతలిద్దువు గాని" అంది. చిన్నత్త తలూపింది. నర్సు విడిపించేదాకా ఆ అంచు వదల్లేదు.

తలుపు మూశారు. చిన్నత్త అక్కడే, తలుపుకి ఆనుకుని నిలబడిపోయింది. నాకు తోడికోడలు లేదు. ఆ సంగతికి మొదటిసారి కుళ్ళుకున్నాను.